చిలికాలో తెరచాప పడవ మీద

బరంపురం నుంచి కటకం వైపు రైలులో ప్రయాణం చేసే మనవాళ్ళలో చిలికా సరస్సును చూడనివారు ఉండరు. రంభ స్టేషను దగ్గర నుంచి బాలుగావ్ వరకు కుడివైపు కిటికీ దొరికినవారిది అదృష్టం. కొండ కాస్త తప్పుకోగానే నీరు, నీటి మధ్య నల్లని దీవి, మళ్ళీ కొండ అడ్డం, మళ్ళీ నీరు. పిల్లలు "సముద్రం, సముద్రం" అని కేకలు వేస్తారు. పెద్దవాళ్ళు "సముద్రం కాదర్రా, చిలికా" అని సరిదిద్ది పులిహోర పొట్లం విప్పుతారు. అంతటితో చిలికా యాత్ర ముగుస్తుంది. మేమూ ఏళ్ళ తరబడి ఆ విధంగానే చూశాము. చిన్నతనంలోనైతే పేరు విని, చిలకలు ఎక్కువగా ఉండే సరస్సు కాబోలునని కూడా అనుకున్నాము.

ఈ ఏడాది శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజున మాత్రం కిటికీ వదిలి నీటి మీదికి వెళ్ళాము. అదీ యంత్రపు పడవలో కాదు, తెరచాప పడవలో. దానికి కారకులు మా నాన్నగారు.

ఆయనకు ఎనభై అయిదు నిండాయి. వయసులో ఉన్నప్పుడు గంజాం దగ్గర ఉప్పు కొఠారులలో గుమాస్తాగా పనిచేశారు. ఋషికుల్య నది ముఖం దగ్గర నుంచి చిలికా దక్షిణపు కొస దాకా పాలూరు కాలువ అని పద్ధెనిమిది కిలోమీటర్ల కాలువ ఒకటి ఉన్నది. ఆ కాలువ మీదుగా పడవలో చిలికాలోకి దిగి, బాలుగావ్ వరకు సరుకుతో వెళ్ళి రావడం ఆయన ఉద్యోగంలో ఒక భాగం. 1961 వేసవిలో అలా వెళుతుండగా మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి గాలి లేచిందట. బస్తాలతో నిండిన పడవ ఒక పక్కకు ఒరిగి నీరు లోపలికి వచ్చింది. పడవవాళ్ళు ఒడియాలో కాళీజాయి తల్లికి మొక్కుకున్నారు. ఈయన తెలుగులో మొక్కుకున్నారు. ఒక చీర, ఒక డజను గాజులు సమర్పిస్తానని.

పడవ ఒడ్డు చేరింది. చీర మాత్రం దీవి చేరలేదు. ఉద్యోగం మారింది, పెళ్ళయింది, మేము పుట్టాము, చదువులు, బదిలీలు. ఏటా సంక్రాంతి వచ్చినప్పుడు మా అమ్మ "తల్లి బాకీ అలాగే ఉన్నదండీ" అనేది. "వచ్చే ఏడాది చూద్దాం" అనేవారు ఈయన. అమ్మ పోయి మూడేళ్ళయింది. మొన్న పెట్టె సర్దుతుండగా అడుగున మడత విప్పని ఎర్రచీర ఒకటి కనిపించింది. కొంగు మూలకు పసుపు రాసి ఉన్నది. అది ఎవరికోసం కొన్నదో ఒకరినొకరు అడగవలసిన అవసరం లేకపోయింది. నాన్నగారు చాలాసేపు ఆ చీరను చూస్తూ కూర్చుని, చివరకు ఒకటే మాట అన్నారు. "తెరచాప పడవలో మొక్కుకున్నాను. తెరచాప పడవలోనే వెళ్ళాలి."

ఇది అనుకున్నంత సులభం కాలేదు. ఇప్పుడు చిలికాలో ఎక్కడ చూసినా నూనె యంత్రం బిగించిన పడవలే. అవి చేసే చప్పుడును బట్టి ఒడియావారు వాటికి 'భుట్‌భుటి' అని పేరు పెట్టుకున్నారు. రంభ రేవులో తెరచాప అని అడిగితే నవ్వారు. గంటలో పోయే చోటికి పూట పాడు చేసుకోవడం దేనికన్నారు. చివరకు టీ దుకాణం అతను, "ఊరి చివర ఒక ముసలి నోలియా ఉన్నాడు, అతను ఇంకా చాప కడతాడు" అని దారి చూపించాడు.

నోలియాలంటే ఎవరో కాదు, మనవాళ్ళే. గోపాలపురం నుంచి పూరీ వరకు సముద్రపు ఒడ్డున తరతరాలుగా చేపలు పట్టుకుని బతికే తెలుగువారిని ఒడియావారు ఆ పేరుతో పిలుస్తారు. తమలో తాము వాడబలిజలమని, జాలరులమని చెప్పుకుంటారు. చిలికాలో చేపల వేట ముఖ్యంగా కేవుట, కండరా మొదలైన ఒడియా కులాలవారిది. వారి మధ్య మనవారి ఇళ్ళు కొన్ని ఉన్నాయి. మేము గుమ్మం ముందు నిలబడి ఒడియాలో మాట్లాడబోతే, లోపలినుంచి వచ్చిన ముసలాయన మా మొహాలు చూసి, "తెలుగోళ్ళా బాబూ? మరి అంత కట్టపడతారేటి?" అన్నాడు. మా నాన్నగారి ముఖం వెలిగిపోయింది. బేరం సంగతి ఎవరూ ఎత్తకముందే ఇద్దరూ 1960ల నాటి రేవుల పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

మరునాడు ఉదయం బయలుదేరాము. నాన్నగారు, మేమిద్దరం, మా అబ్బాయి, మా అమ్మాయి. పడవలో తాత, అతని మనుమడు. బల్లపరుపు అడుగుగల చెక్క పడవ, మధ్య ఒక కొయ్య, దానికి పలుచోట్ల అతుకులు వేసిన తెరచాప. అందరికీ నారింజరంగు లైఫ్‌జాకెట్లు తొడిగించాము. గ్లాస్గో పంచె మీద, ఉత్తరీయం మీద లైఫ్‌జాకెట్ తొడుక్కున్న నాన్నగారిని చూసి పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

మొదటి రోజు రంభ అఖాతంలోని దీవులు చూడాలని ఏర్పాటు. ఉదయం గాలి లేదు. తాత గెడ వేశాడు. సముద్రమంత కనిపించే ఈ నీటిలో గెడ వేసి పోవచ్చునని మాకు తెలియదు. చిలికా వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్ల దాకా విస్తరించి, ఎండాకాలానికి 900 చిల్లరకు తగ్గుతుంది. పొడవు అరవై కిలోమీటర్లకు మించి ఉంటుంది. ఇంత విస్తీర్ణం ఉన్నా చాలాచోట్ల నిలువెత్తు నీరు ఉండదు. వంగి చూస్తే అడుగున నాచు, అందులో అటూఇటూ పరిగెత్తే పీతలు కనిపిస్తాయి.

గెడతో పోయే పడవలో మొదట తెలిసేది నిశ్శబ్దం. చెవులు కొంతసేపు దానిని నమ్మవు. తరువాత ఒక్కొక్కటీ వినబడుతుంది. గెడ నీటిలో దిగిన చప్పుడు, దాని కొస నుంచి బొట్లు రాలే చప్పుడు, ఎక్కడో దూరాన ఎవరో దగ్గిన చప్పుడు. అరకిలోమీటరు అవతల వల లాగుతున్న ఇద్దరు మాట్లాడుకునే మాటలు మా పక్కన కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా వచ్చాయి. ఒకడు రెండోవాడికి అల్లుడి మీద ఫిర్యాదు చెబుతున్నాడు. వినకూడదని మేము గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాము.

మొదట కనిపించింది ఒక రాతిగుట్ట, దానిమీద మొన తేలిన స్తంభం లాంటి కట్టడం. దీనిని బీకన్ దీవి అంటారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే దొర, పడవలకు గుర్తుగా దీపం పెట్టడానికి కట్టించినదని చెబుతారు. ఇప్పుడు దానిమీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పక్కనే ఘంటశిల కొండ. పేరు వినగానే మనకు ఘంటసాల గుర్తుకు వస్తుంది గాని, ఇది ఒడియా ఘంటశిలే.

పది గంటల వేళకు దక్షిణపు గాలి తిరిగింది. తాత గెడ పక్కన పెట్టి, మనుమడితో "మోకు ఇడు" అన్నాడు. చాప పైకి లేచి రెండుసార్లు టపటపలాడి, గాలి నింపుకుని కడుపుతో ఉన్న ఆవులా నిండుగా నిలిచింది. పడవ కింద నీరు గలగలమనడం మొదలుపెట్టింది. నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాము. కాదు, వింటున్నారు.

బడకుద దీవిలో దిగాము. ఒడియాలో 'కుద' అంటే దీవి. బడకుద పెద్దదీవి, దాని దగ్గరి సానకుద చిన్నదీవి. యాత్రికులకోసం ఈ రోజుల్లో వీటిని హనీమూన్ దీవి, బ్రేక్‌ఫాస్ట్ దీవి అని పిలుస్తున్నారు. రెండవదానిలో ఖల్లికోట రాజుగారు కట్టించిన బంగళా ఒకటి శిథిలమై ఉన్నది. పేర్లు మార్చినా దీవులు మారలేదు. బడకుదలో చెట్ల నీడ చిక్కగా ఉన్నది. ఎండుటాకుల మీద నడిస్తే మా అడుగుల చప్పుడు మాకే పెద్దగా తోచింది.

ఈ దీవి పేరు ప్రపంచంలోని జంతుశాస్త్రజ్ఞులందరికీ తెలుసునంటే మా పిల్లలు నమ్మలేదు. మన దేశపు జంతు పరిశోధన శాఖ 1916లో ఏర్పడినప్పుడు దానికి మొదటి డైరెక్టరైన నెల్సన్ అన్నండేల్ దొర చిలికాలోని ప్రాణుల నన్నింటినీ ఓపికగా పరిశీలించాడు. ఈ దీవి మట్టిలో ఆయనకు కాళ్ళులేని నలికిరి ఒకటి దొరికింది. చూడటానికి పెద్ద వానపాములా ఉంటుంది. జాతికి నలికిరి. 1917లో దానిని లోకానికి తెలియజేస్తూ, ఈ దీవి పేరు మీదనే బార్కుడియా అని నామకరణం చేశాడు. దానికి తోబుట్టువు వంటి మరో నలికిరి మన విశాఖపట్నంలో ఉన్నది. తెలిసినంతవరకు ఈ ప్రజాతిలో ఉన్నవి ఈ రెండే. ఎంత వెతికినా మాకు అది కనిపించలేదు. మా అబ్బాయి పుల్లతో మట్టి కదపబోతే తాత వద్దని వారించాడు. "దాని ఇల్లు నాయనా అది. మన ఇల్లు ఎవరైనా తవ్వితే ఊరుకుంటామా?"

అన్నండేల్ దొర వచ్చిన నాటికి ఈ దీవి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఇటు వచ్చింది. మా తాతగారు బరంపురంలో తన వీధి అరుగు కదలలేదు. అయినా ఒక రాష్ట్రంలో పడుకుని మరో రాష్ట్రంలో నిద్రలేచారు. మన పాఠకులలో ఇటువంటి కథ లేని ఇల్లు తక్కువ.

సాయంత్రం తిరిగి వస్తుంటే దక్షిణంగా పాలూరు కొండలు ఎర్రబడ్డాయి. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో టాలమీ అనే గ్రీకు భూగోళవేత్త 'పలూర' అనే రేవును పేర్కొన్నాడు. తూర్పు దేశాలకు పోయే ఓడలు దానికి దగ్గరలోనే తీరం వదిలేవట. అది ఈ పాలూరేనని చాలామంది చరిత్రకారుల ఊహ. సిల్వ్యాఁ లెవీ అనే ఫ్రెంచి పండితుడు మరో అడుగు ముందుకు వేసి, పల్లు, ఊరు అనే ద్రావిడ మాటలు కలిసి ఈ పేరు వచ్చిందని, బౌద్ధ గ్రంథాలలోని దంతపురం ఇదేనని వాదించాడు. వాదం నిలిచినా నిలవకపోయినా, ఆ కొండను చూస్తూ పల్లు, ఊరు అని పలుకుకోవడం మాకు సరదాగా ఉన్నది. కార్తీక పూర్ణిమనాడు ఒడియావారు అరటిదొప్పల పడవలలో దీపాలు పెట్టి నీటిలో వదలడం ఆ ఓడల జ్ఞాపకంగానే. మన ఆడవాళ్ళూ ఆ రోజునే దీపాలు వదులుతారు.

రాత్రి రంభలో బస చేసి, మరునాడు తెల్లవారుజామునే కాళీజాయి వైపు బయలుదేరాము. అసలు ప్రయాణం ఇదే.

తెల్లవారేసరికి నీరు, ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి. గాలి లేదు. మళ్ళీ గెడ. దూరాన తూర్పుగా నలబణ దీవి వైపు నుంచి పక్షుల రొద, పెళ్ళివారి విడిది దగ్గర వినిపించే గోలలాగా, తెరలు తెరలుగా వచ్చింది. నల అంటే రెల్లు, బణ అంటే వనం. పదిహేను చదరపు కిలోమీటర్ల ఆ దీవి వానాకాలంలో నీటిలో మునిగిపోయి, శీతకాలానికి తేలుతుంది. అది పక్షులకోసం ప్రత్యేకించిన అభయారణ్యం. కాస్పియను సముద్రం, బైకాలు సరస్సు, సైబీరియా ప్రాంతాల నుంచి కూడా లక్షల సంఖ్యలో పక్షులు వచ్చి చిలికాలో చలికాలం గడుపుతాయి. మేము వెళ్ళింది అవి తిరుగు ప్రయాణం కట్టే రోజులు. మా తలల మీదుగా బాతుల బారు ఒకటి ఉత్తరానికి పోయింది. తలమీద రెండు నల్లపట్టెలున్న బాతులు. హిమాలయాలు దాటిపోవలసినవి. "అన్ని మైళ్ళు ఎగరాలంటే ఎక్కడ దిగుతాయి తాతా?" అని అడిగింది మా అమ్మాయి. "నీళ్ళున్న చోట దిగుతాయి తల్లీ. నీళ్ళు లేకపోతే ఏటి సేత్తాయి?" అన్నాడు.

తొమ్మిదికల్లా గాలి వచ్చింది. పదకొండయ్యేసరికి అవసరమైన దానికన్నా ఎక్కువ వచ్చింది. నీరు లోతులేనిది కావడంవల్ల చిలికాలో అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. పడవ అణియం దబదబా కొట్టుకోసాగింది. ముఖాల మీద నీళ్ళు పడ్డాయి. మా చేతులు ఎవరివి వారికి తెలియకుండా పిల్లల చొక్కాలు పట్టుకున్నాయి. నాన్నగారు చీర మూటను లైఫ్‌జాకెట్ లోపలికి దోపుకున్నారు. తాత మారుమాట లేకుండా చాప దించి, మనుమడి చేత గెడ వేయించి, దగ్గర ఉన్న ఒక రాతి దీవికి ఉత్తరపు చాటున లంగరు వేశాడు.

గంట గడిచింది. రెండు గంటలయింది. కాళీజాయి కొండ ఎదురుగా కనిపిస్తూనే ఉన్నది. మాకు ఓపిక తగ్గింది. ఆ సమయానికి ఒక భుట్‌భుటి అటు వచ్చి, తాడు వేస్తే లాక్కుపోతామన్నది. మేము సరేననబోయాము. మా అబ్బాయి అప్పటికే తాడు అందుకున్నాడు. ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. తాతను అడగాలని మాకు తోచలేదు. డబ్బిచ్చిన వాళ్ళం మేమే కదా అనుకున్నాము. నాన్నగారు ఆపారు. "అరవై ఏళ్ళకు పైగా ఆమె మనకోసం ఆగింది. ఆమె కోసం మనం ఒక పూట ఆగలేమా?" అన్నారు. తాడు తిరిగి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు పోయిన తరువాత ఎవరమూ కొంతసేపు మాట్లాడలేదు.

ఆగడం మంచిదే అయింది. లంగరు వేసిన ఆ చాటున తాత నోరు విప్పాడు. చిలికా కథ మాకు అక్కడే తెలిసింది. తరువాత మేము చదివి సరిచూసుకున్నదీ దానికి సరిపోయింది.

చిలికా సరస్సు కాదు, సముద్రమూ కాదు. దయ, భార్గవి మొదలైన మహానది పాయలు ఒకవైపు నుంచి మంచినీరు తెచ్చి పోస్తాయి. తూర్పున ఉన్న ఇసుకతిన్నెలో మొగ ద్వారా సముద్రపు పోటు ఉప్పునీరు తెస్తుంది. ఈ రెండూ కలిసినంత కాలమే రొయ్య, పీత, చేప. నైరుతి కాలంలో అలలు ఇసుకను ఒడ్డు వెంబడి ఉత్తరానికి తోస్తూ ఉంటాయి. ఆ ఇసుకతో మొగ జరిగి జరిగి ఇరుకైపోతుంది. లోపలి నుంచి నదుల ఒండ్రు పూడుస్తుంది. 1990ల నాటికి చిలికాకు ఊపిరి ఆడకుండా పోయింది. నీరు చప్పబడింది. నాచు, గుర్రపుడెక్క అల్లుకుపోయాయి. పడవ సాగలేదు. వలకు చేప రాలేదు. 1981లో ప్రపంచ ప్రాముఖ్యం గల నీటి నేలల జాబితాలో, రామ్‌సార్ ఒప్పందం కింద, మన దేశం తరఫున మొదట చేరినవాటిలో చిలికా ఒకటి. అదే చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలో రాశారు.

"ఆ రోజుల్లోనే నా కొడుకు సూరతు ఎల్లిపోనాడు బాబూ. ఇక్కడ వల ఉంది, సేప లేదు. అక్కడ సేప లేదు, మిల్లుంది" అన్నాడు తాత. పైగా రొయ్యల ఘేరీల గొడవ. బయటి డబ్బు వచ్చి, వేటగాళ్ళ నీటిని కట్టలతో, వలలతో చుట్టి రొయ్యలు పెంచింది. 1996లో సుప్రీంకోర్టు చిలికాకూ, మన పులికాట్ సరస్సుకూ వెయ్యి మీటర్లలోపు రొయ్యల చెరువులు కూడదని తీర్పు చెప్పింది. అయినా గొడవ ఆగలేదు. 1999 మే నెలలో సొరణ ఊళ్ళో పోలీసు కాల్పులలో నలుగురు చనిపోయారు. నిశ్శబ్దంగా కనిపించే ఈ నీటి మీద ఇంత జరిగిందని రైలు కిటికీలోంచి మాకు ఎన్నడూ కనిపించలేదు.

2000 సెప్టెంబరు 23న సాతపడా వైపు ఇసుకతిన్నెను తవ్వి సముద్రానికి కొత్త మొగ తెరిచారు. సముద్రానికి దారి పద్ధెనిమిది కిలోమీటర్లు దగ్గరయింది. ఉప్పు తిరిగి వచ్చింది, వెనకే చేప వచ్చింది. ఏడాదికి రెండువేల టన్నులకు లోపుగా పడిపోయిన వేట రెండేళ్ళలో పదివేలు దాటింది. 2002లో చిలికా పేరు ప్రమాదపు పట్టీ నుంచి తొలగింది. ఐరావతి డాల్ఫిన్లు, ఇటీవలి లెక్కలలో నూటయాభై దరిదాపు, ఆ కొత్త నీటిలో తిరుగుతున్నాయి.

"అయితే ఇంక భయం లేదన్న మాట" అన్నాము. తాత తల అడ్డంగా ఊపాడు. మొగ మళ్ళీ జరుగుతూనే ఉంటుందట. 2019లో ఫణి తుఫాను కొత్త మొగలు కొట్టింది. అంతకు ముందు 2013లో ఫైలిన్ అతని పాత పడవను తీసుకుపోయింది. "మొగ తెరిసి ఉండాల బాబూ. రెండు నీళ్ళూ రావాల. ఒక్క నీరే అయితే మాత్రం సెరువే, సిలక కాదు." ఈ మాట చెప్పి, ఆకాశం వంక చూసి, గాలి మెత్తబడిందని లేచాడు.

మూడు గంటల వేళ కాళీజాయి చేరాము.

చిన్న రాతిదీవి, దాని మీద గుడి. ఇక్కడి కథ చిలికా చుట్టూ అందరికీ తెలిసినదే. జాయి అనే పిల్లను పెళ్ళి చేసి పారికుద దీవిలోని అత్తవారింటికి పడవలో తీసుకువెళుతుండగా గాలివాన లేచింది. పడవ బోల్తా పడి అందరూ బతికారు గాని జాయి మాత్రం నీటిలో పోయింది. తరువాత ఆ కొండ దగ్గర రాత్రివేళ ఆమె గొంతు వినబడేదని చెప్పుకున్నారు. కాళితో కలిపి కాళీజాయి అని కొలవడం మొదలుపెట్టారు. మకర సంక్రాంతికి ఇక్కడ పెద్ద తిరునాళ్ళు. నీటిలో పోయిన ఆడపిల్లే నీటి మీద పోయేవాళ్ళను కాపాడే తల్లి అయింది. మన ఊళ్ళ పేరంటాళ్ళ కథలు తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు.

మెట్లు ఎక్కించడానికి ఇద్దరం చేతులు పట్టుకోబోతే నాన్నగారు వద్దన్నారు. ఒక్కొక్క మెట్టే ఎక్కారు. చీర, గాజులు పళ్ళెంలో పెట్టారు. పూజారి ఒడియాలో గోత్రనామాలు అడిగితే, తన పేరు చెప్పలేదు. మా అమ్మ పేరు చెప్పారు. మేము పక్కకు తిరిగాము. తాత మాత్రం కొంచెం దూరంగా నిలబడి, ఏదో లెక్క సరిచూసుకున్న మనిషిలా తృప్తిగా తల ఊపాడు.

అక్కడి నుంచి బాలుగావ్‌కు గాలి వెనకనుంచి వచ్చింది. పొద్దు వాలుతుండగా చేరాము. బాడుగ ఇస్తుంటే తాత లెక్కపెట్టకుండా రొంటిన దోపుకుని, నాన్నగారి చేయి పట్టుకుని, "మల్లీ రండి బాబూ" అన్నాడు. "మళ్ళీనా?" అని నవ్వారు నాన్నగారు. మనుమడు ఫోనులో ఎవరితోనో ఒడియాలో మాట్లాడుతున్నాడు. తాత పిలిస్తే తెలుగులో పలికాడు. చాప మడిచి, మోకు చుట్టి, ఇద్దరూ రాత్రి అక్కడే పడుకోవడానికి సిద్ధమయ్యారు. తెల్లవారి గాలికి తిరిగి రంభ వెళతారట.

వెళ్ళదలచిన మన పాఠకులకు రెండు మాటలు. పక్షులకోసమైతే మార్గశిరం నుంచి మాఘం వరకు మంచి కాలం. తెరచాప మీద రంభ నుంచి ఉత్తరానికి పోవాలంటే మాఘం చివర, ఫాల్గుణంలో తిరిగే దక్షిణపు గాలి కావాలి. లైఫ్‌జాకెట్ లేనిదే పడవ ఎక్కవద్దు. ప్లాస్టిక్ సంచులు నీటిలో వేయవద్దు. నలబణ వైపు పడవను మరీ దగ్గరగా పోనిమ్మని బలవంతం చేయవద్దు. తెరచాప కట్టేవారు ఎక్కడైనా దొరికితే వారిని తొందరపెట్టవద్దు. గాలి ఎప్పుడు వస్తుందో వారికి తెలుసు, మనకు తెలియదు.

చివరిగా ఒక సంగతి. లంగరు వేసి కూర్చున్న ఆ రెండు గంటలలో మా అమ్మాయి తాతను అడిగి పడవ మాటలు ఒక కాగితం మీద రాసుకున్నది. అణియం, అమరం, చుక్కాని, గెడ, మోకు, పోటు, పాటు, మొగ. ఇంటికి వచ్చాక చూద్దుము గదా, మాటలన్నీ తెలుగే, రాత అంతా ఒడియా. దానికి వచ్చిన అక్షరాలు అవే. బడిలో నేర్పినవి అవే. తప్పు దానిది కాదు. మేము ఇంట్లో తెలుగు మాట్లాడాము గాని, పలక చేతికి ఇవ్వలేదు.

ఆ కాగితం ఇప్పుడు మా పూజ గదిలో, అమ్మ పటం దగ్గర ఉన్నది. రోజుకు ఒక్కొక్క మాట చొప్పున దానిని తెలుగులో ఎత్తి రాసే పని అమ్మాయికి అప్పగించాము. నాన్నగారు దిద్దిపెడుతున్నారు. నిన్న 'మొగ' అనే మాట దగ్గరికి వచ్చింది.